లడాఖ్‌లో వేడినీళ్ళ బుగ్గ, మన గోదారి ఇసుకలో వేడినీళ్ళ బుగ్గ: మరి ఫ్రీ కరెంటు ఏదండీ?

రాజమండ్రి నుంచి మాట్లాడుతున్నాను.

లడాఖ్ బైక్ ట్రిప్ రీల్స్ చూసేవాళ్ళకి ఈ సీను తెలిసే ఉంటుంది. చుట్టూ మంచు కొండలు, గాలి కొడితే చెవులు ఊడిపోయేంత చలి. మధ్యలో నేల మీద ఒక గుంట. అందులోంచి నీళ్ళు బుడబుడమని ఉడుకుతూ, పొగలు కక్కుతూ బయటికొస్తుంటాయి. కింద కామెంట్లలో ఎప్పుడూ అవే రెండు ప్రశ్నలు. ఒకటి, అంత చలిలో ఆ వేడి ఎక్కడిది? రెండోది, స్టవ్ వెలిగించకుండానే నీళ్ళు ఉడుకుతుంటే దాంతో కరెంటు తీయొచ్చు కదా, మనవాళ్ళు ఎందుకు తీయట్లేదు?

రెండూ మంచి ప్రశ్నలే. వాటికి సమాధానం చెప్పాలంటే లడాఖ్ దాకా వెళ్ళక్కర్లేదు. మన గోదారి వెంబడే పైకి, పాపికొండలు దాటి భద్రాచలం వైపు వెళ్తే చాలు. అక్కడి నుంచే మొదలెడదాం.

గోదారి ఇసుకలో వేడినీళ్ళు

భద్రాచలానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున గుండాల అనే ఊరుంది. అక్కడ ఏటి ఒడ్డున ఇసుకలో చేత్తో గుంట తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి. చలికాలంలో బ్రహ్మ, విష్ణువు, మహేశ్వరుడు ముగ్గురూ వచ్చి ఇక్కడ స్నానం చేసేవారని స్థలపురాణం చెబుతారు. చూడండి, కథలో కూడా ఎండాకాలం అనలేదు, చలికాలం అన్నారు. వేడినీళ్ళ విలువ ఎప్పుడు తెలుస్తుందో ఆ కథ చెప్పినవాళ్ళకి బాగా తెలుసు. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నదికి అవతల వైపు, తెలంగాణలోని మణుగూరు ప్రాంతంలో కూడా ఇలాంటి చోట్లున్నాయి. పగిడేరు, బుగ్గ, అగ్నిగుండాల. ఆ పేర్లు ఒకసారి మళ్ళీ వినండి. బుగ్గ అంటేనే ఊట. అగ్నిగుండాల గురించి ఇంక వేరే చెప్పాలా? జియాలజీ అనే సబ్జెక్టు మన దగ్గరికి రాకముందే ఊరి పేరులోనే రిపోర్టు రాసి పెట్టేశారు మనవాళ్ళు.

దేశం మొత్తం మీద ఇలాంటి వేడినీళ్ళ బుగ్గల్ని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 300కు పైగా గుర్తించింది. అంటే ఇది లడాఖ్‌కి మాత్రమే ఉన్న వింత కాదు.

వేడి ఎక్కడిది? అగ్నిపర్వతం ఉండాలా?

చాలామంది అనుకునేది ఏంటంటే, వేడినీళ్ళు వస్తున్నాయంటే కింద అగ్నిపర్వతం ఉండాలని. అలా ఏం లేదండీ. గుండాల కింద అగ్నిపర్వతం లేదు. లడాఖ్ బుగ్గల కింద కూడా మండుతున్న అగ్నిపర్వతం లేదు.

వేడి అన్నిచోట్లా ఉంది. మీరు ఇప్పుడు కూర్చున్న చోట కూడా, కింద ఉంది. భూమి పుట్టినప్పటి వేడి కొంత ఇంకా లోపల మిగిలే ఉంది. దానికి తోడు రాళ్ళలో ఉండే యురేనియం, థోరియం, పొటాషియం లాంటివి కొద్దికొద్దిగా విచ్ఛిన్నమవుతూ వేడి పుట్టిస్తూనే ఉంటాయి. అందుకే కిందికి దిగేకొద్దీ, మామూలు చోట్ల, ఒక్కో కిలోమీటరుకి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది.

లెక్క వేద్దాం. పైన నేల 30 డిగ్రీలు అనుకోండి. కిలోమీటరుకి 30 చొప్పున, 4 కిలోమీటర్లు దిగితే 120 కలుస్తుంది. మొత్తం 150 డిగ్రీలు. మన ఊళ్ళో ఓఎన్‌జీసీలో పనిచేసేవాళ్ళు ఎవరైనా తెలిస్తే అడిగి చూడండి. కృష్ణా గోదావరి బేసిన్‌లో లోతు బావులు వేసేవాళ్ళకి ఈ వేడి కొత్తేం కాదు. ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ వేడి, ఈ రెండే అక్కడ పెద్ద తలనొప్పులు.

మరి వేడి అన్నిచోట్లా ఉంటే రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర వేడినీళ్ళు ఎందుకు రావట్లేదు? ఎందుకంటే వేడి ఒక్కటే సరిపోదు. దారి కావాలి. వాననీళ్ళు కిందికి దిగడానికి ఒక దారి, వేడెక్కాక పైకి రావడానికి ఇంకో దారి. అది కూడా గబగబా వచ్చే దారి అయ్యుండాలి. నింపాదిగా వస్తే చుట్టూ ఉన్న రాయికి వేడంతా ఇచ్చేసి చల్లబడిపోయి మామూలు బావి నీళ్ళలా వస్తాయి. కాచిన నీళ్ళు గ్లాసులో పోసి మర్చిపోతే ఏమవుతుందో అదే.

ఆ దారి ఏదంటే, భూమి పొరల్లో ఉండే పెద్ద పెద్ద పగుళ్ళు. వీటినే ఫాల్టులు అంటారు.

ఇప్పుడు ఫోన్‌లో మ్యాప్ తెరవండి. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు. సింగరేణి బొగ్గు గనులున్న ఊళ్ళు వరసగా చూసుకుంటూ రండి. దాదాపు ఒకే పట్టీ మీద, గోదావరిని పట్టుకుని కిందికి వస్తాయి. అది కాకతాళీయం కాదు. కోట్ల సంవత్సరాల కిందట అక్కడ నేల రెండు వైపులా చీలి మధ్య భాగం కుంగిపోయింది. ఆ గాడిలో ఇసుక, మట్టి, చెట్లు పేరుకుని ఇసుకరాయి అయ్యాయి, బొగ్గు అయ్యాయి. గాడి అంచుల వెంట పగుళ్ళు మిగిలాయి. గోదావరి చాలా దూరం ఆ గాడి మీదుగానే పారుతోంది.

ఆ పగుళ్ళు పూర్తిగా నిద్రపోలేదు కూడా. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబర్ 4న పొద్దున్నే ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. భూకంపమూ, వేడినీళ్ళ బుగ్గా రెండూ ఒకే పగుళ్ళ వ్యవస్థ మనకి చూపించే రెండు ముఖాలు.

సో, వాన కురుస్తుంది. కొంత నీరు పగుళ్ళలోంచి కిందికి దిగుతుంది. కిలోమీటరున్నర దిగిందనుకోండి, మన లెక్క ప్రకారం 75 డిగ్రీలకు చేరుతుంది. వేరే పగులు దొరికితే ఒత్తిడితో పైకి తన్నుకొస్తుంది. గుండాలలో అది ఏటి ఇసుక కిందికి వచ్చి ఆగుతుంది. మీరు గుంట తవ్వితే అందులోకి ఊరుతుంది. అంతే సంగతి.

ఇప్పుడు లడాఖ్ వెళ్దాం

రీల్స్‌లో కనబడే బుగ్గల్లో బాగా పేరున్నది పూగా లోయ. చాంగ్‌థాంగ్ అనే ఎత్తైన పీఠభూమి మీద ఉంది. సముద్రమట్టానికి సుమారు 4,400 మీటర్ల ఎత్తు. దగ్గర్లో చుమాథాంగ్, ఇంకో వైపు నుబ్రా లోయలో పనామిక్, ఇవి కూడా వేడినీళ్ళ బుగ్గలే.

అక్కడ కథ వేరు. మన దేశం ఉన్న భూఫలకం వెళ్ళి ఆసియాను ఢీకొట్టి సుమారు 5 కోట్ల సంవత్సరాలైంది. ఆ తోపులాట ఇంకా ఆగలేదు. పూగా సరిగ్గా ఆ రెండూ అతుక్కున్న కుట్టు దగ్గర ఉంది. అక్కడ వేడి మన దగ్గరకంటే చాలా తక్కువ లోతులోనే దొరుకుతుంది. 1970లలో జియలాజికల్ సర్వే వాళ్ళు అక్కడ బోర్లు వేశారు. అన్నిటికంటే లోతైనది 400 మీటర్లు కూడా లేదు. అయినా 140 డిగ్రీల దాకా వేడి తగిలింది. మన మామూలు లెక్కతో అయితే 400 మీటర్లకి 12 డిగ్రీలు పెరగాలి. తేడా అర్థమైందా?

ఆ తర్వాత మన హైదరాబాద్ ఉప్పల్‌లో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పూగా వెళ్ళి, నేల తవ్వకుండానే, భూమిలో సహజంగా పుట్టే విద్యుత్, అయస్కాంత తరంగాల్ని కొలిచి లోపల ఏముందో చూశారు. దాదాపు 2 కిలోమీటర్ల లోతు నుంచి కరెంటు బాగా ప్రవహించే పొర ఒకటి కనబడింది. వేడి ద్రవాలు నిండిన చోటు అలాగే కనబడుతుంది. అంటే పైన కనబడే బుగ్గ ఆ కుండకి మూతి మాత్రమే.

ఒక చిన్న సంగతి. పూగాలో ఉడికే నీళ్ళు 100 డిగ్రీలు ఉండవు. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చూడ్డానికి కళపెళా ఉడుకుతుంటాయి గానీ, కందిపప్పు వేస్తే అంత త్వరగా మెత్తబడదు. హిమాచల్‌లో మణికరణ్ గురుద్వారాలో బుగ్గ నీళ్ళలో గిన్నెలు పెట్టి అన్నం, పప్పు వండుతారు కదా, అది కుదిరేది మణికరణ్ చాలా కింద, సుమారు 1,700 మీటర్ల ఎత్తులో ఉండబట్టే.

అసలు పాయింటు: వేడి కాదు, తేడా

ఇప్పుడు రెండో ప్రశ్న. కరెంటు ఎందుకు రావట్లేదు?

ఇక్కడ ఫిజిక్స్‌లో ఒక రూలుంది. ఇంటర్‌లో చదివినవాళ్ళకి కార్నో అనే పేరు గుర్తుంటుంది. సింపుల్‌గా చెప్తాను. వేడి ఉన్నంత మాత్రాన దాంతో పని చేయించలేం. వేడి ఒక చోట, చల్లన ఇంకో చోట ఉండాలి. వేడి ఇక్కడి నుంచి అక్కడికి పారుతున్నప్పుడు మధ్యలో మనం టర్బైన్ పెట్టి కొంత పని దోచుకుంటాం. డ్యామ్ లాగే. నీళ్ళు ఎత్తు నుంచి పల్లానికి పడితేనే కరెంటు. ధవళేశ్వరం దగ్గర గోదారి నిండా నీళ్ళున్నాయి, కానీ ఎత్తు లేదు. శ్రీశైలం దగ్గర ఎత్తుంది. నీళ్ళు ఎన్ని ఉన్నాయన్నదే కాదు, ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయన్నదీ చూడాలి. వేడి విషయంలోనూ అంతే.

మూడు లెక్కలు వేశాను, చూడండి. ఇవి ప్రకృతి ఒప్పుకునే గరిష్ఠం. నిజం యంత్రాల్లో ఇందులో సగం వచ్చినా సంతోషమే.

పూగాలో కింద 140 డిగ్రీలు, బయట 0 డిగ్రీలు అనుకుందాం. 100 వంతుల వేడిలో గరిష్ఠంగా 34 వంతులు కరెంటుగా మార్చొచ్చు.

మన వైపు 70 డిగ్రీల నీళ్ళు, బయట 30 డిగ్రీలు అనుకుందాం. 100లో గరిష్ఠంగా 12 వంతులు.

అదే 70 డిగ్రీల నీళ్ళు, మే నెల, బయట 45 డిగ్రీలు. 100లో 7 వంతులే.

చూశారా? లడాఖ్‌కి చలి శాపం అనుకుంటాం. ఈ పనికి మాత్రం ఆ చలే సగం పెట్టుబడి. మన ఎండలో అవే నీళ్ళ విలువ పడిపోతుంది. గుండాల కథలో దేవుళ్ళు చలికాలంలోనే స్నానానికి వచ్చారని చెప్పాను కదా. వేడి విలువ పక్కనున్న చల్లదనాన్ని బట్టి ఉంటుంది.

పగిడేరులో ఏం జరిగింది?

మనవాళ్ళు ఏమీ ప్రయత్నించలేదు అనుకోకండి. మణుగూరు దగ్గర పగిడేరులో, బొగ్గు అన్వేషణ కోసం సింగరేణి వేసిన బోరులోంచి వేడినీళ్ళు మోటారు అక్కర్లేకుండా వాటంతట అవే పైకి వస్తున్నాయి. కేంద్ర బొగ్గు శాఖ డబ్బులిస్తే, సింగరేణి, ఢిల్లీలోని శ్రీరామ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఇండస్ట్రియల్ రీసెర్చ్ కలిసి అక్కడ ఒక పైలట్ ప్లాంటు పెట్టాయి. దాని సామర్థ్యం 20 కిలోవాట్లు.

అది ఎలా పనిచేస్తుందంటే, వచ్చే నీళ్ళకి ఆవిరిగా మారి టర్బైన్ తిప్పేంత వేడి లేదు. అందుకని నీళ్ళకంటే చాలా తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవాన్ని వాడతారు. వేడినీళ్ళ గొట్టం పక్కన ఆ ద్రవం ఉన్న గొట్టం పెడతారు. నీళ్ళ వేడి తగిలి అది ఆవిరై టర్బైన్ తిప్పుతుంది. మళ్ళీ చల్లార్చితే ద్రవం అవుతుంది, మళ్ళీ తిరిగి వస్తుంది. రెండు గొట్టాల్లోనివీ ఒకదాంట్లో ఒకటి కలవవు. మీ ఫ్రిజ్‌లో గ్యాస్ ఎలా తిరుగుతుందో దానికి తిరగేసిన పని ఇది. ఫ్రిజ్ కరెంటు తీసుకుని వేడిని తోస్తుంది, ఇది వేడి తీసుకుని కరెంటు ఇస్తుంది.

20 కిలోవాట్లంటే ఎంత? ఒక టన్నున్నర ఏసీ ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుందనుకుంటే, 13 ఏసీలు. అదే మణుగూరులో ఉన్న భద్రాద్రి థర్మల్ పవర్ స్టేషన్ సామర్థ్యం 1,080 మెగావాట్లు. భాగించి చూడండి, 54,000 రెట్లు.

దీన్ని చూసి నవ్వక్కర్లేదు. 1904లో ఇటలీలోని లార్డెరెల్లోలో భూమి ఆవిరితో మొట్టమొదటిసారి వెలిగించింది 5 బల్బులే. అక్కడ ఇవాళ్టికీ కరెంటు తీస్తున్నారు. కాకపోతే వాళ్ళ కింద ఉన్నది బాగా వేడి ఆవిరి. మన కింద ఉన్నది గోరువెచ్చన కంటే ఎక్కువ, మరిగే నీళ్ళ కంటే తక్కువ. దేశం మొత్తానికి భూతాప విద్యుత్ సామర్థ్యం 10,600 మెగావాట్లని ప్రభుత్వ అంచనా ఉంది. ఆ అంకె వాట్సాప్‌లో కనబడితే ఎగిరి గంతేయకండి. అది భూమిలో ఉందనుకునే లెక్క. తీగల్లో పారుతున్న లెక్క కాదు.

వేడిని వేడిగానే వాడితే?

ఇక్కడే ఒక తెలివైన దారుంది. 100 వంతుల వేడిని కరెంటుగా మార్చి 90 పారబోసే బదులు, వేడి కావాల్సిన పనికే నేరుగా వాడుకోవడం.

ఐస్‌లాండ్ వాళ్ళు చేసింది ఇదే. 1930లో రేక్యావిక్‌లో బుగ్గ నీళ్ళని గొట్టాల్లో తెచ్చి ఒక స్కూలుకి, కొన్ని డజన్ల ఇళ్ళకి ఇచ్చారు. ఇవాళ ఆ దేశంలో పదిళ్ళలో సుమారు తొమ్మిది భూమి వేడితోనే వెచ్చగా ఉంటున్నాయి.

లడాఖ్‌కి ఇది అతికినట్టు సరిపోతుంది. పూగా చుట్టుపక్కల చాంగ్‌పా పశుపోషకులుంటారు. పష్మీనా ఉన్ని ఇచ్చే మేకలు వాళ్ళవే. చెట్లు లేని చోటు కాబట్టి పొయ్యిలోకి ఎండిన పేడే దిక్కు. శీతాకాలంలో రాత్రిళ్ళు సున్నాకి 30 డిగ్రీలు కిందికి పోతుంది. డీజిల్ కావాలంటే మంచు కనుమలు దాటి లారీల్లో రావాలి. అలాంటి చోట గది వెచ్చగా ఉంచే గొట్టం, కూరగాయలు పండించే వెచ్చని షెడ్డు ఉంటే ఎంత తేడా వస్తుందో ఊహించండి. వాళ్ళకి అది లగ్జరీ కాదు.

మరి మనకి? రాజమండ్రిలో గీజర్ వేసేది ఏడాదికి రెండు నెలలు. గది వెచ్చబెట్టే పనే లేదు. కానీ ఆరబెట్టే పని ఉంది. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి వైపు వర్జీనియా పొగాకు బ్యారన్లు చూసే ఉంటారు. ఆకు పండించడానికి 35 డిగ్రీల నుంచి మొదలుపెట్టి, ఈనె ఆరేసరికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. దానికి ఎన్నో టన్నుల కట్టెలు కాలతాయి. సరిగ్గా గోదావరి బుగ్గల వేడి సరిపోయే రేంజి అది. మిరపకాయలు, చేపలు ఆరబెట్టడమూ అంతే. చిక్కు ఏంటంటే, కరెంటు తీగ మీద వందల కిలోమీటర్లు వెళ్తుంది, వేడి వెళ్ళదు. గొట్టంలో దారిలోనే చల్లబడిపోతుంది. బ్యారన్లున్నది ఒక చోట, బుగ్గలున్నది ఇంకో చోట. అందుకే బుగ్గ వేడి మొదటి హక్కుదారు ఆ బుగ్గ ఉన్న ఊరే అవుతుంది. ఇది న్యాయం మాట అనుకోకండి. ఫిజిక్సే అలా ఉంది.

కన్నం పెట్టేముందు

2021 ఫిబ్రవరి 6న పూగాలో ప్లాంటు కోసం ఓఎన్‌జీసీ ఎనర్జీ సెంటర్, లడాఖ్ పాలనాయంత్రాంగం, లేహ్ హిల్ కౌన్సిల్ ఒప్పందం చేసుకున్నాయి. మొదటి లక్ష్యం 1 మెగావాటు. పగిడేరు కంటే 50 రెట్లు. పని మొదలైంది. 2022 ఆగస్టులో తవ్వుతుండగా లోపలి వేడి ద్రవం ఒత్తిడితో బయటికొచ్చి పూగా వాగులో కలిసింది. పని ఆపాల్సి వచ్చింది.

దీన్ని చిన్న లీకేజీ అని తీసిపారేయొద్దు. బుగ్గ నీళ్ళు మామూలు నీళ్ళు కావు. లోతున వేడి రాళ్ళని కడుక్కుంటూ వస్తాయి కాబట్టి గంధకం, బోరాన్ లాంటివి కరిగించుకుని తెస్తాయి. పూగాలో ఒకప్పుడు బోరాక్స్, గంధకం తవ్వి తీసేవాళ్ళు, అంత ఉంటాయి. ఆ వాగు నీళ్ళే అక్కడి మందలు తాగుతాయి. ఆ చిత్తడి నేలల్లోనే నల్లమెడ కొంగలు గూళ్ళు పెడతాయి. అంత ఎత్తులో, అంత ఎండు నేలలో ఇంకో వాగు వెతుక్కోవడం కుదరదు.

నేలకి లోతైన కన్నం పెట్టడమంటే ఏంటో మన గోదావరి జిల్లాల వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి అంటుకుంది. ఆర్పడానికి 65 రోజులు పట్టింది. అది గ్యాసు, ఇది వేడినీళ్ళు, రెండూ ఒకటి కాదు. కానీ ఒత్తిడి అనేది మాత్రం ఒకటే. పైన ఎంత ప్రశాంతంగా ఉన్నా కింద ఉన్నది మన మాట వినదు.

ఇంకో ప్రమాదం ఏమీ పేలకుండానే, చప్పుడు లేకుండా జరుగుతుంది. న్యూజిలాండ్‌లో రోటోరువా అనే ఊరుంది. అక్కడి వేడినీళ్ళ ఫౌంటెన్లు, అంటే గీజర్లు, ప్రపంచ ప్రసిద్ధి. ఊళ్ళో అందరూ సొంత బోర్లు వేసుకుని వేడినీళ్ళు తోడేసరికి గీజర్లు నీరసపడిపోయాయి. 1986లో ప్రభుత్వం పోహుటు గీజర్ చుట్టూ ఒకటిన్నర కిలోమీటర్ల లోపల బోర్లు మూసేయమంది. తర్వాత నెమ్మదిగా మళ్ళీ కోలుకున్నాయి. దీన్ని మన భాషలో చెప్పాలంటే, ఊరంతా పోటీపడి బోర్లు వేస్తే పక్కింటి బావి ఎండిపోయినట్టే.

అందుకే జాగ్రత్తగా చేసే చోట్ల, తోడిన నీళ్ళని వేడి తీసుకున్నాక ఇంకో బోరులోంచి మళ్ళీ అదే లోతుకి పంపిస్తారు. దీనివల్ల వాగు పాడవదు, కింద కుండా ఖాళీ అవదు. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఎక్కడైనా భూతాప ప్లాంటు వస్తోందని వార్త చూస్తే మెగావాట్లు ఎన్ని అని అడిగేముందు రెండు అడగండి. వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? మొదటి గొట్టం ఎవరింటికి వెళ్తుంది?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పూగాలో ఆ వేడి వాడుకోవాలి. అంత చలిలో బతికేవాళ్ళని, నేల కింద వేడి పెట్టుకుని పేడ కాల్చుకోమనడం బాగోదు. కానీ వాగుని పణం పెట్టి కాదు. మన వైపు మాత్రం కరెంటు ఆశ తగ్గించుకుని, బుగ్గ దగ్గర్లోనే ఆరబెట్టే పనులకి వాడటం మేలు. ఒకే వేడి, రెండు చోట్ల రెండు రకాల తెలివి కావాలి.

వెళ్తే మాత్రం ఇవి గుర్తుంచుకోండి

గుండాల వెళ్ళినా, మణికరణ్ వెళ్ళినా, లడాఖ్ వెళ్ళినా ఈ నాలుగూ చాలు.

నీళ్ళు ఉడకట్లేదు కదా అని కాలు పెట్టేయకండి. 60 డిగ్రీల నీళ్ళు అయిదు సెకన్లలో చర్మాన్ని గట్టిగా కాల్చేస్తాయి. బుడగలు, పొగలు కనబడాలని లేదు. ముందు పక్కన పారే నీళ్ళ మీద వేలు ఆనించి చూడండి.

గోరువెచ్చని నీళ్ళలో తల ముంచొద్దు. వెచ్చని మంచినీళ్ళలో నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా బతకగలదు. 46 డిగ్రీల వేడిదాకా తట్టుకుంటుంది. నోట్లోకి వెళ్తే ఏం చేయదు గానీ, ముక్కులోంచి లోపలికి వెళ్తే మెదడుకి పాకుతుంది. చాలా అరుదు, కానీ వస్తే బతకడం చాలా కష్టం. మునిగి ఫొటో దిగడం కంటే కూర్చుని దిగడం నయం.

పొగలొచ్చే గుంట అంచున నిలబడొద్దు. అక్కడ నేల పైన పెంకులా కనబడుతుంది, కింద డొల్లగా ఉండొచ్చు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన గట్టిగా వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలి ఆడని పల్లంలో ఉంటే బయటికొచ్చేయండి.

నీళ్ళు తాగొద్దు, బాటిల్‌లో పట్టి ఇంటికి తేవొద్దు. లోతు నుంచి ఏం కరిగించుకుని వచ్చాయో కంటికి కనబడదు. చర్మరోగాలు పోతాయని ఎవరైనా చెబితే, స్నానం వరకు మీ ఇష్టం, మందు మాత్రం మానొద్దు.

మీ ఊరి దగ్గర కూడా బుగ్గ అనో, గుండం అనో, ఉడుకు అనో పేరున్న చోటు ఉందేమో చూడండి. ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి, ఆ పేరు ఎందుకు వచ్చిందని. కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో వాటి గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ మరి.